నడుము దగ్గరి గీత: పారాప్లీజియా అనే మాట, దాని వాడుక

శరీరంలో నడుము నుంచి కింది భాగం, అంటే రెండు కాళ్లూ, వాటితోపాటు చాలాసార్లు మలమూత్రాల మీది అదుపూ, ఒక్క దెబ్బతోనో నెలల తరబడి నెమ్మదిగానో పట్టు తప్పిపోయే స్థితిని వైద్యశాస్త్రం పారాప్లీజియా అంటుంది. కర్నూలు, కడప సీమల్లోని పల్లెల్లో ఇదే స్థితిని ‘నడుము కింద సచ్చుబడింది’ అనీ, ‘కాళ్లు రెండూ పడిపోయినాయి’ అనీ చెప్పుకుంటారు. చదువుకున్నవారు, పత్రికలు, ప్రభుత్వ కాగితాలు మాత్రం దీనిని కూడా ‘పక్షవాతం’ అనే ఒక్క మాటలోనే కలిపివేస్తుంటాయి. పల్లె పలుకుబడికీ పుస్తకపు మాటకూ మధ్య ఉన్న ఈ తేడా పైకి చిన్నదిగా కనిపించినా, జబ్బు మెదడులో ఉందా వెన్నులో ఉందా అనే అసలు ప్రశ్న ఈ తేడాలోనే ఇమిడి ఉంది కాబట్టి, ఆ రెండు మాటలనూ విడదీసి చూడటం అవసరం.

పక్షం అంటే పక్క, వైపు, రెక్క, సగం. వాతం అంటే గాలి. ఆయుర్వేదం ప్రకారం శరీరంలోని కదలికలన్నిటినీ నడిపించే దోషం అదే. ఆ వాతం చెడి శరీరంలో ఒక పక్కను పట్టుకొని, ఆ పక్క చేయినీ కాలినీ పనిచేయకుండా చేస్తే దానిని సంస్కృత వైద్యగ్రంథాలు పక్షాఘాతం, పక్షవధ అన్నాయి. పల్లెల్లో వినిపించే ‘పచ్చవాతం’, ‘గాలి కొట్టింది’ అనే మాటలు ఆ భావనకు మిగిలిన ఆనవాళ్లే. అంటే పక్షవాతం అనే మాట పుట్టుకతోనే మనిషిని నిలువునా రెండుగా చీల్చి, కుడిసగమో ఎడమసగమో చచ్చుబడిందని చెబుతుంది. ఇంగ్లీషు వైద్యులు హెమిప్లీజియా అనేది సరిగ్గా దీనినే.

కర్నూలు పాతబస్తీలోనూ కడప పట్నంలోనూ ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ జబ్బుకు లక్వా, ఫాలిజ్ అనే రెండు మాటలు వినిపిస్తాయి. యునానీ వైద్యంలో లక్వా అంటే మూతి ఒక పక్కకు వంకరపోవడం, ఫాలిజ్ అంటే ఒక పక్క శరీరం పడిపోవడం; వాడుకలో లక్వా అనే మాటే రెండింటికీ పాకింది. ఫాలిజ్ అనే అరబ్బీ మాటకు మూలధాతువు అర్థం రెండుగా చీల్చడం. సంస్కృతమూ అరబ్బీ ఎంత దూరపు భాషలైనా, మంచాన పడిన మనిషిని చూసి రెండూ ఒకే నిలువు గీతను గుర్తించాయి. మెదడులో నెత్తురు గడ్డకట్టడం వల్లనో నరం చిట్లడం వల్లనో వచ్చే పోటు నడివయసు దాటినవారిలో తరచుగా కనిపించేదే కాబట్టి, ఏ దేశపు వైద్యుడికైనా ముందుగా కంటపడి పేరు పెట్టించుకున్నది ఈ నిలువు సగమే కావడంలో వింత లేదు.

పారాప్లీజియా అనే మాట నడక మరింత వంకరగా సాగింది. గ్రీకులో ‘పారా’ అంటే పక్కన, ‘ప్లేగే’ అంటే దెబ్బ. రెండూ కలిస్తే ‘పక్కన తగిలిన దెబ్బ’ అవుతుంది తప్ప, అందులో కాళ్లు గానీ నడుము గానీ ఎక్కడా లేవు. పూర్వపు గ్రీకు వైద్యగ్రంథాలలో ఈ మాట శరీరంలో ఏదో ఒక భాగం, ముఖ్యంగా ఒక పక్క, చచ్చుబడటాన్ని చెప్పేది. కాలక్రమంలో ఒక పక్క పడిపోవడానికి ‘సగం’ అనే అర్థమున్న హెమిప్లీజియా స్థిరపడింది. మిగిలిపోయిన పారాప్లీజియా కింది సగానికి జరిగి, ఆధునిక వైద్యంలో రెండు కాళ్ల చచ్చుబాటుకే పరిమితమైంది. కాబట్టి మాట పుట్టుకను పట్టుకొని జబ్బును అర్థం చేసుకోబోతే దారి తప్పుతుంది. ఇక్కడ అర్థాన్ని ఇచ్చింది వాడుకే.

నడుము దగ్గర అడ్డంగా ఉండే ఈ రెండో గీతను భారతీయ వైద్యులు గుర్తించలేదనుకుంటే పొరపాటు. సుశ్రుత సంహితలో నిదానస్థానం, నడుములో చేరిన వాతం తొడ కండరను పట్టి ఒక కాలును కుంటుపరిస్తే ఆ మనిషిని ఖంజుడనీ, రెండు తొడలనూ చెరిపితే పంగువనీ వేరుచేసి చెబుతుంది. కండర అంటే ఆ శాస్త్రంలో లావుపాటి నరం వంటి తాడు. చెడు నడుములో, ఫలితం రెండు కాళ్లలో అన్న ఈ వర్ణన నేటి పారాప్లీజియాకు పక్షవాతం కంటే ఎంతో దగ్గర. నడవబోయినప్పుడు వణుకుతూ, కీళ్ల పట్టు సడలి కుంటే స్థితికి కళాయఖంజం అని అక్కడే మరొక పేరు కూడా ఉంది. కళాయం ఒక పప్పుదినుసు పేరు కావడం వల్ల, కేసరి పప్పును నెలల తరబడి ముఖ్యాహారంగా తిన్నవారికి కాళ్లు బిగుసుకుపోయే లాతిరిజం అనే జబ్బుతో దీనిని పోల్చిన పండితులున్నారు. దురదృష్టమేమంటే, పంగువు అనే మాట తెలుగులోకి వచ్చేసరికి వైద్యార్థాన్ని పోగొట్టుకొని, కుంటి, అవిటి అనే మాటల సరసన చేరి, జబ్బుకు కాక మనిషికి తగిలించే పేరుగా మారిపోయింది. ఒక శాస్త్రపదం తిట్టుగా దిగజారడం భాషకు జరిగిన నష్టమే.

నిలువు గీతకూ అడ్డ గీతకూ కారణం శరీర నిర్మాణంలో ఉంది. మెదడు కుడిభాగం శరీరపు ఎడమపక్కనూ, ఎడమభాగం కుడిపక్కనూ కదిలిస్తాయి. ఆజ్ఞలను మోసుకొచ్చే నరాల పోగులు మెదడు అడుగున, మెడకు కాస్త పైన, ఒకదానినొకటి దాటుకొని పక్కలు మారడమే దీనికి కారణం. మెదడులో రెండు భాగాలూ విడివిడిగా, ఎడంగా ఉన్నాయి కాబట్టి అక్కడ ఒకచోట దెబ్బ తగిలితే ఒక పక్కే పడిపోతుంది. వెన్నుపాము సంగతి వేరు. అది పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవేలంత లావు మాత్రమే ఉండే మెత్తని తాడు. రెండు పక్కలకు పోవలసిన పోగులన్నీ అంత సన్నని తాడులో పక్కపక్కనే ఇరుక్కొని ఉంటాయి. వెన్నుపూసల మధ్యనున్న సొరంగం వంటి దారిలో అది దిగుతూ, దారి పొడవునా 31 జతల నరాలను అటూ ఇటూ పంపుతూ, నడుము పైభాగంలోని మొదటి రెండు పూసల దగ్గర ముగుస్తుంది. అంత ఇరుకులో పూస విరిగి లోపలికి గుచ్చుకున్నా, చీముగడ్డ నొక్కినా, ఎముక పెరిగి దారి మూసుకుపోయినా దెబ్బ ఒక పక్కకు మాత్రమే తగలడం అరుదు. రెండు పక్కలూ కలిసే పోతాయి. దెబ్బ తగిలిన మట్టానికి పైన అంతా మామూలుగా ఉంటుంది, కింద ఏమీ ఉండదు.

ఆ మట్టాన్ని వైద్యులు గుండుసూదితో వెదుకుతారు. రోగిని కళ్లు మూసుకోమని, పాదం నుంచి మొదలుపెట్టి పిక్క, తొడ, పొత్తికడుపు మీదుగా సూది మొనను సున్నితంగా తాకిస్తూ పైకి వస్తూ, ‘ఈడ తెలుస్తాందా?’ అని అడుగుతూ పోతారు. చాలాసేపు ‘లేదు సార్’ అన్న మనిషి ఒకచోట ఉలిక్కిపడి ‘ఆఁ, ఇప్పుడు పొడిచినారు’ అంటాడు. అక్కడ చర్మం మీద పెన్నుతో ఒక గీత పెడతారు. ఆ గీత బొడ్డు దగ్గర పడితే దెబ్బ ఛాతీ నరాలలో పదోదాని మట్టంలో ఉన్నట్టు, చనుమొనల దగ్గర పడితే నాలుగోదాని మట్టంలో ఉన్నట్టు లెక్క. స్కానింగ్ యంత్రం వెన్నులో ఎక్కడ వెదకాలో చెప్పేది ఆ పెన్ను గీతే. పక్షవాతపు రోగికి ఇటువంటి అడ్డ గీత దొరకదు.

ఈ గీత మెడ మట్టానికి ఎక్కితే చేతులు కూడా దెబ్బతింటాయి. దానిని క్వాడ్రిప్లీజియా, అంటే నాలుగు అవయవాల చచ్చుబాటు అంటారు. ఛాతీ మట్టం నుంచి కిందికి ఉన్నప్పుడే అది పారాప్లీజియా. పూర్తిగా చచ్చుబడకుండా బలం మాత్రం తగ్గితే పారాపరేసిస్ అనే మాట వాడతారు. ఇక్కడ కుడికాలి వేలు కాస్త కదిలినా, మలద్వారం దగ్గర కొద్దిపాటి స్పర్శ మిగిలినా అది చిన్న విషయం కాదు, ఎందుకంటే తాడు పూర్తిగా తెగలేదని, కోలుకునే ఆశ ఉందని చెప్పే గుర్తు అదే. దెబ్బ తగిలిన తొలిరోజుల్లో కాళ్లు తోటకూర కాడల్లా వేలాడిపోయి, కొన్ని వారాల తరువాత బిగుసుకొని, తాకితే చాలు తమంత తామే ఎగిరిపడటం మొదలవుతుంది. ఇంట్లోవారు దీనిని కాళ్లకు ప్రాణం వస్తోందని భ్రమపడి సంబరపడతారు. నిజానికి పైనుంచి మెదడు అదుపు లేక, వెన్నుపాములో మిగిలిన కింది భాగం సొంతంగా చేసే ప్రతిచర్య అది. ఆ సంగతి ముందే చెప్పకపోతే కుటుంబం రెండోసారి కూలిపోతుంది.

కరువు సీమలో వెన్ను విరగడానికి కారణాలు వెదకడానికి దూరం పోనక్కరలేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల నాపరాతి గనుల్లో బండలు లేపేటప్పుడు జారిపడేవారు, చింతకాయలు దులపడానికి చెట్టెక్కి కొమ్మ విరిగి పడేవారు, ఎండాకాలపు రాత్రుళ్లు గాలి కోసం పిట్టగోడ లేని మిద్దెల మీద పడుకొని నిద్రమత్తులో అంచు దాటేవారు, బోల్తాపడిన ట్రాక్టర్ల కింద నలిగేవారు. వీరిలో ఎక్కువమంది సంపాదించే వయసులోని మగవారు. పడిన క్షణంలో వెన్నుపూస విరిగినా వెన్నుపాము తెగకుండా మిగిలిన సందర్భాలు ఉంటాయి. అటువంటి మనిషిని నలుగురు చేరి చేతులొకరు, కాళ్లొకరు పట్టుకొని ఎత్తితే నడుము విల్లులా వంగి, విరిగిన పూస అంచు కత్తిలా లోపలి తాడును కోసేస్తుంది. నులకమంచం కూడా మంచిది కాదు, నడుమ కుంగిపోతుంది. తలుపు చెక్కో, వెడల్పాటి బల్లో పక్కన పెట్టి, తల, భుజాలు, తుంటి, కాళ్లు ఒకే వరుసలో ఉండేలా ముగ్గురు నలుగురు ఒకే మాట మీద దుంగను దొర్లించినట్టు దొర్లించి దానిమీదికి చేర్చడమే సరైన పద్ధతి. ఆ రెండు నిమిషాల నిదానం ఆ మనిషి తరువాతి బతుకంతటినీ నిర్ణయిస్తుంది.

దెబ్బ లేకుండా వచ్చే పారాప్లీజియాలో క్షయది పెద్ద చేయి. ఊపిరితిత్తుల నుంచి క్షయక్రిములు నెత్తురు ద్వారా వెన్నుపూసలకు చేరి, వాటిని లోపల తినేసి, చీము గడ్డకట్టించి, వీపు మీద గూని లేపి, చివరకు కాళ్లను పడగొడతాయి. ఇంగ్లండు వైద్యుడు పెర్సివల్ పాట్ 1779లో గూనికీ కాళ్ల చచ్చుబాటుకూ ఉన్న ఈ సంబంధాన్ని వర్ణించడంతో దీనికి పాట్స్ పారాప్లీజియా అనే పేరు వచ్చింది. నెలల తరబడి నడుమునొప్పి, సాయంత్రాల జ్వరం, బరువు తగ్గడం, తరువాత నడకలో తడబాటు అన్న వరుసలో వచ్చే ఈ జబ్బు ముందుగా గుర్తిస్తే మందులతో నయమవుతుంది. ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పక్షవాతమనుకొని పసరు మందుకూ నాటు నూనెల మర్దనకూ తిరిగే కాలం మాత్రం తిరిగిరాదు.

మరొక కారణం నీళ్లలోనే ఉంది. గ్రానైటు జాతి రాళ్ల నుంచి భూగర్భజలంలోకి ఫ్లోరైడు చేరుతుంది. వాన తక్కువై, బోర్లు లోతుకు దిగేకొద్దీ అది పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు దళసరి ఎక్కి, పూసలను కలిపే పట్టీలు సైతం ఎముకలుగా మారి, వెన్నుపాము దారి ఇరుకైపోతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో, నాటి నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాలలో ఈ జబ్బును షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే వైద్యులు 1937లో ప్రకటించారు. ఫ్లోరైడు వల్ల నరాలు దెబ్బతినడాన్ని వర్ణించిన తొలి రచన అదే. ఆ మెట్ట సీమలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలూ, వాటికి ఆనుకొని కర్నూలు జిల్లాలో ఉండిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలూ 1970లో కలిసి ప్రకాశం జిల్లాలో భాగమయ్యాయి. అక్కడి ముసలివారు మెడ తిప్పలేక శరీరమంతటినీ తిప్పి చూడటం, నేల మీద కూర్చుంటే లేవలేకపోవడం ఈ జబ్బు తొలిమెట్లు. కాళ్లు పడిపోవడం చివరి మెట్టు.

సుమారు 3,600 ఏళ్లనాటి ఈజిప్టు వైద్యపత్రమైన ఎడ్విన్ స్మిత్ పపైరస్ మెడపూస చెడి కాళ్లూ చేతులూ తెలియని రోగిని వర్ణించి, ఇది చికిత్స చేయదగిన జబ్బు కాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు దాదాపు 20వ శతాబ్దం నడుమ వరకూ చెల్లింది. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్ను విరిగిన సైనికులలో ఎక్కువమందిని చంపింది వెన్నుగాయం కాదు. మంచం పుండ్లు, మూత్రపు సంచికి సోకిన చీము. జర్మనీ నుంచి తప్పించుకొని ఇంగ్లండు చేరిన నరాల వైద్యుడు లూడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వీరికోసం ప్రత్యేక కేంద్రాన్ని తెరిచి, రెండు గంటలకొకసారి రోగిని పక్క మార్చడం, మూత్రాన్ని శుభ్రంగా తీయడం, చేతులకు పని కల్పించడం అనే మూడింటితో ఆ చావులను చాలావరకు తగ్గించారు. 1948 జూలై 29న అదే ఆవరణలో చక్రాల కుర్చీల మీద కూర్చున్న మాజీ సైనికులకు ఆయన పెట్టిన విలువిద్య పోటీయే తరువాత పారాలింపిక్స్‌గా ఎదిగింది. ఆ పేరులోని ‘పారా’ మొదట పారాప్లీజియా నుంచి వచ్చినదే. ఇతర వైకల్యాలవారు కూడా చేరాక ‘ఒలింపిక్స్ పక్కన సాగేవి’ అనే అర్థం చెప్పుకున్నారు. పక్కన తగిలిన దెబ్బగా మొదలైన మాట చివరకు పక్కపక్కన నడవడం అనే అర్థానికి చేరింది.

సీమ ప్రజలకు గుట్‌మన్ పేరు కంటే దగ్గరిది రాయవెల్లూరు. కడప, చిత్తూరు, అనంతపురం నుంచి పెద్ద జబ్బంటే రైలెక్కే ఆ ఊరి క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేస్తున్న యువ వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీకి చేరింది. ఆమె ఆ కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. తరువాత అమెరికాలో పునరావాస వైద్యం చదివి వచ్చి, అదే కళాశాలలో ఆ విభాగానికి తొలి అధిపతి అయింది. 1966లో వెన్ను విరిగినవారికోసం అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. కాళ్లు పడిపోవడం అంటే మనిషి పడిపోవడం కాదని రుజువు చేయడానికి ఆమె జీవితం కంటే గట్టి సాక్ష్యం అక్కరలేదు.

ఇంటికి చేరిన తరువాత కష్టం సీమ ఎండలో మరో రూపం తీసుకుంటుంది. ఇక్కడి ఇళ్ల ముందు అరుగులు నాపబండలతో పరిచినవి. మే నెల మధ్యాహ్నం కాలిన ఆ బండ మీద చెప్పులు లేనివాడు అడుగు వేస్తే క్షణంలో కాలు లాక్కుంటాడు. నడుము కింద స్పర్శ లేని మనిషిని చల్లగాలికని తెచ్చి సాయంత్రం ఇంకా వేడి ఆరని అదే బండ మీద కూర్చోబెడితే, తొడల కింద చర్మం కాలి బొబ్బలెక్కినా ఆయనకు తెలియదు. పంచె తడిసినప్పుడు చూసి ఇంట్లోవారు గుర్తించాలి. చెమట సంగతీ అంతే. గీత ఛాతీ పైభాగంలో ఉన్నవారికి దాని కింద చెమట సరిగా పట్టదు కాబట్టి వడదెబ్బ వీరికి మరింత త్వరగా తగులుతుంది. తడిబట్ట, నీడ, నీళ్లు వీరికి మందుతో సమానం. మందమైన దుప్పటి మడత వేయకుండా బండ మీద కూర్చోబెట్టకూడదనే ఒక్క మాట ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు తెలుగులో చెప్పి పంపితే, నెలల తరబడి మానని పుండ్లు కొన్నయినా తప్పుతాయి.

ఇక కాగితాల మీది వాడుక. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పారాప్లీజియా అందులో చలన వైకల్యం కిందికి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సదరం శిబిరంలో వైకల్య శాతం తేల్చాకే పింఛను దక్కుతుంది. 2024 జూలై నుంచి పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. ఆ జాబితాలో ఒక పద్దు పేరు ‘పక్షవాతం’, మరొక పద్దులో ప్రమాద బాధితులు ఉన్నారు. క్షయ వల్లనో ఫ్లోరైడు వల్లనో నడుము కింద పడిపోయిన మనిషి అటు ప్రమాద బాధితుడూ కాడు, మాటార్థం ప్రకారం ఇటు పక్షవాతపు రోగీ కాడు. వైద్యుడు పారాప్లీజియా అని రాసి, గుమాస్తా పక్షవాతమని తెనిగించుకుంటేనే పని జరుగుతుంది. అటువంటివారి గతి ఒకరి అనువాదం మీద ఆధారపడటం న్యాయం కాదు. ‘నడుము కింది చచ్చుబాటు’ అని ప్రజలు ఇప్పటికే అంటున్న మాటను పద్దులో చేర్చడానికి ఒక్క పంక్తి చాలు. ఆ మాటలో జబ్బు పేరు ఉంది, జబ్బు ఉన్న చోటు కూడా ఉంది. పారాప్లీజియాలో ఆ రెండోది లేదు, పక్షవాతంలో ఉన్నది వేరే చోటు.

కాబట్టి ఈ సీమ పాఠకులకు విన్నపం ఒకటే. మూతి వంకరపోయి ఒక పక్క చేయీ కాలూ పడిపోతే అది మెదడు జబ్బు. నాలుగున్నర గంటల లోపల గడ్డ కరిగించే ఇంజెక్షను అందే ఆసుపత్రికి చేరాలి. చేతులు, మాట, ముఖం బాగుండి రెండు కాళ్లూ పడిపోయినా, తిమ్మిరి నడుము దాకా ఎక్కినా, మూత్రం ఆగిపోయినా అది చాలావరకు వెన్ను జబ్బే. అదీ ఆ రోజే చూపించవలసినదే, వెన్నుపామును నొక్కుతున్నదానిని ఎంత త్వరగా తొలగిస్తే అంత బలం మిగులుతుంది. రోగిని వెన్ను వంగకుండా బల్ల మీద పడుకోబెట్టి, 108కు ఫోను చేసి, అవతలివారికి పక్షవాతం అని చెప్పకుండా, ‘నడుము కింద రెండు కాళ్లూ పడిపోయినాయి’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.